కారు మీద పడ్డ పెయింట్ తుంపరలకు క్లే బార్: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

అపార్ట్‌మెంట్‌కు రంగులేస్తుంటే కింద నిలబెట్టిన కార్ల మీద తుంపరలు పడతాయి. వాటిని వదిలించడానికి నేను నమ్మేది క్లే బార్‌నే, అంటే రంగు మీద జార్చే మెత్తటి ముద్దను. థిన్నర్ వద్దు, పెట్రోల్ వద్దు, రబ్బింగ్ కాంపౌండ్ అసలే వద్దు. బెంగళూరులో ఉంటున్న ఈ కొన్నేళ్ళలో మా ముదురు నీలం బాలెనో మీదా, మా బావ వాళ్ళ వెండి రంగు కారు మీదా, మా బ్లాకులో మరికొందరి కార్ల మీదా దీన్ని వాడాను. మెత్తటి ఫైన్ గ్రేడ్, కాస్త గరుకైన మీడియం గ్రేడ్, చేతికి తొడుక్కునే క్లే మిట్ మూడూ చూశాను. ఇది పనికొచ్చే చోట దీన్ని మించింది నాకు కనబడలేదు. పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి, వాటినీ చెబుతాను.

ఇక్కడ జనవరి నుంచి మే దాకా అపార్ట్‌మెంట్లకు రంగుల కాలం. వానలు పడేలోపు ముగించాలని కాంట్రాక్టర్లు తొందరపడతారు. పెద్ద గోడలకు ఎయిర్‌లెస్ స్ప్రేయర్ (రంగును ఒత్తిడితో చిమ్మే యంత్రం) పెడతారు. పై అంతస్తులో గాలి ఎటు తిరిగితే అటు తుంపర పోతుంది. మా కుందలహళ్ళి వైపు చెట్ల నీడ కోసం బయటే నిలిపే కార్లు ఎక్కువ, దెబ్బ తినేవీ అవే.

తుంపరలన్నీ ఒకటి కాదు. దూరం నుంచి ఎగిరొచ్చిన ఎమల్షన్ (గోడలకు వేసే నీటి రంగు) చుక్క దారిలోనే సగం ఆరిపోయి, పొడిలా వచ్చి కూర్చుంటుంది. అదే రోజు షాంపూ నీళ్ళతో కడిగితే చాలావరకు పోతుంది. దగ్గర్నుంచి తడిగా పడ్డది మాత్రం అతుక్కుంటుంది. ఎమల్షన్ పైకి గంటల్లో ఆరినట్టు కనబడినా పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది, కాబట్టి ఎంత తొందరగా చూసుకుంటే అంత మేలు. గేట్లకూ గ్రిల్స్‌కూ కొట్టే ఎనామిల్ ఇంకా మొండిది. అన్నిటికన్నా మొండిది గ్యారేజీల్లో కార్లకు వేసే హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) కలిపిన రంగు, అది ఆరిందంటే మామూలుగా కదలదు.

క్లే ఈ చుక్కల్ని కరిగించదు. అది ఒక రకం సింథటిక్ ముద్ద, లోపల చాలా మెత్తని రాపిడి పొడి కలిపి ఉంటుంది. లూబ్ (జారుడు ద్రవం) చల్లిన రంగు మీద దాన్ని జారిస్తే, పైకి పొడుచుకొచ్చిన చుక్క దానికి తగులుకుని, మొదలంటా తెగి ముద్దలో ఇరుక్కుంటుంది. చదునుగా ఉన్న క్లియర్ కోట్ (రంగు మీది పారదర్శక పొర) మీద ముద్ద జారిపోతుంది. ఈ పద్ధతి జపాన్ నుంచి వచ్చింది. తడావో కొడాటే అనే ఆయన దీనికి 1990లలో అమెరికా పేటెంట్లు తీసుకున్నారు. పైకి ఉన్నదాన్నే తీస్తుంది గనక గీతలు పోతాయనుకుని కొనకండి. గీత అంటే లోపలికి దిగినది, అక్కడ క్లేకు పనిలేదు.

థిన్నర్ మాట మా బావ దగ్గర మొదలైంది. కె.ఆర్.పురంలో వాళ్ళ పక్కింటి గేటుకు నల్ల ఎనామిల్ స్ప్రే చేస్తే, కారు ఎడమవైపు అంతా మిరియప్పొడి చల్లినట్టయింది. నేను వెళ్ళేసరికి వెనక బంపర్ ఆయనే తుడిచేసి ఉన్నాడు. "మూతెడు థిన్నర్‌తో అయిపోయేదానికి నీకు ఇంత తతంగమెందుకు బామ్మర్దీ?" అన్నాడు. చుక్కలైతే పోయాయి. కానీ సెల్‌ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టి చూపిస్తే, తుడిచినంత మేరా మెరుపు చచ్చిపోయి పాలిపోయి ఉంది. ఆ బంపర్ అంతకుముందే ఒకసారి గ్యారేజీలో రీపెయింట్ అయింది. "బావా, డోర్ల జోలికి మాత్రం పోవద్దు, నాకొదిలెయ్" అని గుడ్డ చేతిలోంచి తీసుకున్నాను.

కారణం తేలికే. ఫ్యాక్టరీలో స్టీలు బాడీ మీది రంగును సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు, అది చాలా గట్టిగా బిగుసుకుంటుంది. ప్లాస్టిక్ బంపర్ అంత వేడి తట్టుకోదు, దానికి తక్కువ వేడి రంగు. గ్యారేజీలో రీపెయింట్‌కు 60 డిగ్రీల చుట్టుపక్కలే. అందుకే డోరు తట్టుకున్న థిన్నర్‌ను బంపర్ తట్టుకోకపోవచ్చు. హెడ్‌లైట్ల పాలీకార్బనేట్ మీద పడితే ఇంకా ఘోరం, సన్న సన్న పగుళ్ళు వస్తాయి, అవి ఇక పోవు. బజారు థిన్నర్ డబ్బాలో ఏ ద్రావకం ఎంత పాళ్ళలో ఉందో చాలాసార్లు పైన రాసి ఉండదు కూడా.

ఇక క్లే పని. ముందు కారు బాగా కడగాలి, ఇసుక రేణువు ఒక్కటి కూడా మిగలకూడదు. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు, తాగునీటితో బండ్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ఇక్కడి జలమండలి ఆదేశమిచ్చింది. అప్పటినుంచి నేను రిన్స్‌లెస్ వాష్‌కు (మళ్ళీ నీళ్ళు పోయక్కర్లేని ద్రావణంతో కడగడం) మారాను, ఒక్క బకెట్టుతో పని జరుగుతుంది. అదే ద్రావణం క్లేకు లూబ్‌గా కూడా పనికొస్తుందని వాడాక తెలిసింది. వేరే లూబ్ సీసా కొనడం మానేశాను. ఉత్త బోరునీళ్ళతో మాత్రం క్లే రుద్దొద్దు. జారుడు ఉండదు, పైగా ముదురు రంగు కారు మీద ఆ ఉప్పునీటి మరకలు ఇంకో తలనొప్పి.

వంద గ్రాముల ముక్క కొంటే సగం తుంచి పక్కన పెట్టండి. మిగతా సగాన్ని చపాతీ పిండి పిసికినట్టు పిసికి, మూడు వేళ్ళ కింద పట్టేంత పలచని బిళ్ళగా చేసుకోవాలి. బెంగళూరు డిసెంబరు పొద్దుల్లో అది రాయిలా ఉంటుంది, గోరువెచ్చని నీళ్ళలో కాసేపు వేస్తే మెత్తబడుతుంది. ఎండలో కాలిన బానెట్ మీద పెడితే ఎదురు జబ్బు, ముద్ద కరిగి జిగటలా అంటుకుంటుంది. నీడలో, లోహం చల్లగా ఉన్నప్పుడే చేయాలి.

రెండడుగుల చదరం తీసుకుని, లూబ్ ధారాళంగా చల్లి, బిళ్ళను తిన్నని గీతలో అటూ ఇటూ జార్చాలి. గుండ్రంగా తిప్పొద్దు, నొక్కొద్దు. చేతి బరువు చాలు. మొదట్లో గరగరమని చప్పుడొస్తుంది, వేళ్ళకు చుక్కలు తగులుతుంటాయి. కొన్నిసార్లు పోనిచ్చేసరికి చప్పుడు తగ్గుతుంది, తర్వాత ఏమీ వినబడదు, బిళ్ళ దానంతటదే జారిపోతుంది. అక్కడ ఆపి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. ఇప్పుడు చేతికి పలచటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని ఆ జాగాను తడమండి. ఉత్తి వేళ్ళకు నున్నగా అనిపించిన చోట కూడా కవర్ లోంచి గరుకు తెలిసిపోతుంది. నేను పక్క చదరానికి కదిలేది ఈ పరీక్ష అయ్యాకే. బిళ్ళ తిప్పి చూస్తే, మా బాలెనో మీద పడ్డ గోడ రంగుకైతే మీగడ రంగు మచ్చలు ఒత్తుగా కనబడేవి. మచ్చల ముఖాన్ని లోపలికి మడిచి మళ్ళీ పిసకాలి. మడిచినా శుభ్రమైన ముఖం రావట్లేదంటే ఆ ముక్క పని అయిపోయినట్టే.

కింద పడ్డ క్లేను కడిగి వాడదామనుకోకండి, పారేయాలి. దాని పని అంటించుకోవడమే. బేస్‌మెంటు నేల మీది ఇసుకను క్షణంలో అంటించుకుంటుంది, ఆ తర్వాత అది క్లే కాదు, గరుకు కాగితం. క్లే మిట్‌కు ఈ ఇబ్బంది లేదు, దాని ముఖం రబ్బరు లాంటిది, కడిగి వాడుకోవచ్చు. రూఫ్, బానెట్ లాంటి వెడల్పు చోట్ల చాలా వేగం. అయితే నల్ల, నీలం కార్ల మీద అది మసక ఎక్కువ వదులుతుంది. తెల్ల కారుకైతే మిట్ కొనమంటాను, ముదురు కారుకు బార్ కొనమంటాను.

గ్రేడ్ విషయంలో నా మాట గట్టిది: ఎప్పుడూ ఫైన్‌తోనే మొదలుపెట్టండి. ఎమల్షన్‌కు అది చాలు, ఓపిక కావాలి అంతే. బావ కారు ఎనామిల్‌కు డోర్ల కింది భాగంలో మాత్రం మీడియం వాడాల్సి వచ్చింది. తుంపర పోయింది గాని సన్నటి మసక మిగిలింది, డీఏ పాలిషర్‌తో (తిరుగుతూ ఊగే పాలిష్ యంత్రం) ఫినిషింగ్ పాలిష్ చేస్తేనే మెరుపు వచ్చింది. మీడియం కొంటే పాలిష్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. క్లియర్ కోట్ మందం మామూలుగా 40, 50 మైక్రాన్లే. ప్రతి పాలిష్‌కూ అందులోంచి కొంత పోతుంది, తిరిగి రాదు. అందుకే ప్రతి వాష్‌కూ క్లే చేసేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది.

అద్దాల మీద చుక్కలకు ఫైన్ క్లే బాగా పనిచేస్తుంది. మిగిలిన మొండి చుక్కలకు కొత్త బ్లేడును లూబ్ మీద బాగా ఏటవాలుగా పట్టి నెమ్మదిగా తోస్తాను. వెనక అద్దం మీది ఆవిరిని పోగొట్టే డీఫాగర్ గీతలు లోపలివైపు ఉంటాయి కాబట్టి బయట భయం లేదు. ముందద్దాన్ని వదిలేయకండి, అక్కడి చుక్కలు వైపర్ రబ్బరును కోసేస్తాయి.

క్లే చేతులెత్తేసేది నల్ల ప్లాస్టిక్ దగ్గర. వైపర్ల కింది పలక, పక్క మిర్రర్ల అడుగు భాగం, రూఫ్ బీడింగు, ఇవన్నీ గరుకు గరుకుగా ఉంటాయి, ముద్ద ముక్కలై ఆ సందుల్లో ఇరుక్కుంటుంది. అక్కడ ఆల్ పర్పస్ క్లీనర్, మెత్తటి బ్రష్, బోలెడు ఓపిక. అయినా మా కారు వైపర్ పలక మీద కొన్ని చుక్కలు ఇప్పటికీ ఉన్నాయి. సిమెంటు పాలు పడితే కూడా క్లే వాడొద్దు, అందులోని ఇసుక రంగును గీసేస్తుంది. దానికి వెనిగర్ లాంటి తేలిక ఆమ్లంతో నానబెట్టి కడిగే దారి వేరే ఉంది.

క్లే అయ్యాక రంగు మీద పాత వ్యాక్స్ పెద్దగా మిగలదు. అదే రోజు వ్యాక్సో సీలెంటో (రంగును కాపాడే పూత) పెట్టేయాలి. దాని విలువ నాకు మరుసటి ఏడు తెలిసింది. పక్క బ్లాకుకు రంగులేస్తుంటే మళ్ళీ తుంపర పడింది. సీలెంట్ ఉన్న బానెట్ మీది చుక్కలు సాయంత్రం వాష్‌తోనే చాలావరకు జారిపోయాయి. సీలెంట్ పెట్టని అద్దాలకు మాత్రం క్లే వాడాల్సి వచ్చింది.

అసోసియేషన్ల వాళ్ళకు ఒక విన్నపం. రంగుల పని మొదలయ్యే ముందు వాట్సాప్‌లో ఒక సందేశం పెట్టి ఊరుకోకండి. ఏ రోజు ఏ వైపు గోడో చెప్పండి, కార్లకు పలచటి ప్లాస్టిక్ షీట్లు కప్పడం కాంట్రాక్టులోనే రాయించండి. దుమ్ము పట్టిన కారు మీద గుడ్డ కవర్ లాగితే అదే గీతలు పెడుతుంది.

మ్యాట్ రంగు కార్లకు క్లే అసలు వాడొద్దు, రుద్దిన చోటల్లా మెరుపు మచ్చలు తేలతాయి. కొత్తగా రీపెయింట్ చేయించిన ప్యానెల్‌ను కనీసం నెల రోజులు ముట్టుకోకండి. సిరామిక్ కోటింగ్, పీపీఎఫ్ (రంగు మీద అంటించే రక్షణ ఫిల్మ్) ఉన్నవాళ్ళు వేసిన షాపును అడిగి ఫైన్ మాత్రమే వాడండి. కారు సామాన్లు దొరికే జె.సి. రోడ్డులో అయినా ఆన్‌లైన్‌లో అయినా కొనేముందు ప్యాకెట్ మీద గ్రేడ్ చదవండి, రంగు చూసి కొనకండి. ఒక కంపెనీ నీలం ముక్క ఫైన్ అయితే ఇంకో కంపెనీ నీలం మీడియం కావచ్చు. వాడగా మిగిలింది కొంచెం లూబ్ చల్లి మూత బిగుతైన డబ్బాలో పెట్టి ఇంట్లోనే దాచండి, డిక్కీ వేడికి అది పాడైపోతుంది.