1257ఎల్ పక్కన ఎం1 ఉందా? బ్రిటన్ పేస్లిప్‌లో ఏ కోడ్ మేలు

బ్రిటన్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు పేస్లిప్ రాగానే నెట్ పే చూసుకుని మూసేస్తారు. ట్యాక్స్ కోడ్ జోలికి పోరు. ఒకే ఉద్యోగం ఉన్న చాలామందికి అది 1257ఎల్. ఏడాదికి 12,570 పౌండ్ల దాకా పన్ను లేదని అర్థం.

దాని పక్కన ఎం1 అనో, డబ్ల్యూ1 అనో, ఎక్స్ అనో ఉంటే అది ఎమర్జెన్సీ కోడ్. మామూలు 1257ఎల్ పన్ను ఏడాది మొదలయ్యే ఏప్రిల్ 6 నుంచి మీరు వాడుకోని మినహాయింపునంతా కలిపి లెక్కేస్తుంది. ఎం1 ఏ నెలకానెలే, నెలకు 1,048 పౌండ్లే వదిలేస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చి అక్టోబర్ నెలాఖరున 4,000 పౌండ్ల మొదటి జీతం అందుకున్నారనుకోండి. 1257ఎల్ మీద మొదటి రెండు నెలలు పన్నే పడదు. ఎం1 మీద మొదటి నెలే 590 పోతాయి. మార్చి దాకా అలాగే సాగితే అదనంగా కట్టేది 1,257 పౌండ్లు (అర్ధ సంవత్సరపు మినహాయింపులో 20 శాతం కాబట్టి కోడ్‌లోని అంకే వచ్చింది). ఏడాది మధ్యలో వచ్చాం కదా, మినహాయింపు సగమే అనుకుంటారు మనవాళ్లు. కాదు, మొత్తం వస్తుంది.

బీఆర్ అనే కోడ్‌లో మినహాయింపే లేదు. 4,000కి 800 కోత. 0టీ అనే కోడ్ నెలకానెలే లెక్కేస్తే 40 శాతం శ్లాబు కూడా తగిలి 971. చేరేటప్పుడు స్టార్టర్ చెక్‌లిస్ట్ (కొత్త ఉద్యోగి వివరాల ఫారం) నింపకపోతే వచ్చేది ఈ 0టీయే. ఆ ఫారంలోని ఏ, బీ, సీ వాక్యాల్లో ‘ఏ’ పెడితే 1257ఎల్, బీ పెడితే ఎం1, సీ పెడితే బీఆర్.

అలాగని బీఆర్ ఎప్పుడూ తప్పు కాదు. రెండో ఉద్యోగానికి సాధారణంగా ఉండాల్సింది అదే. రెండు చోట్లా 1257ఎల్ కనిపిస్తే సంబరపడకండి, తర్వాత బాకీ కట్టమని ఉత్తరం వస్తుంది. కోడ్ ముందు ఎస్ ఉంటే స్కాట్లాండ్ రేట్లు. లండన్‌లో ఉంటూ అది కనిపిస్తే పన్నుశాఖ దగ్గర మీ పాత అడ్రసే ఉందేమో చూడండి.

తప్పు దొరికాక ఎవరిని అడగాలి? కోడ్ ఇచ్చేది బ్రిటన్ పన్నుశాఖ హెచ్‌ఎంఆర్‌సీ, వాళ్లు చెప్పకుండా హెచ్‌ఆర్ దాన్ని మార్చలేదు. హెచ్‌ఎంఆర్‌సీ నోటీసులో ఒక కోడ్, పేస్లిప్‌లో మరొకటి ఉంటేనే పేరోల్‌వాళ్లని పట్టుకోండి. లేదంటే హెచ్‌ఎంఆర్‌సీ యాప్‌లో ఉద్యోగం, జీతం వివరాలు సరిచేయడం మేలు. కొత్త కోడ్ పేరోల్‌కి చేరాక, ఎక్కువ కట్టింది తర్వాతి జీతంలోనే కలిసొస్తుంది.

వెంటనే ఏమీ చేయకపోయినా డబ్బు ఎక్కడికీ పోదు. ఏడాది ముగిశాక, జూన్ నుంచి పీ800 అనే పన్ను లెక్కల ఉత్తరాలు పంపుతారు, నాలుగేళ్ల వెనకటిది కూడా అడగొచ్చు. కానీ ఇంటి డిపాజిట్, మంచం, చలికోటు అన్నీ మొదటి నెలల్లోనే కొనాలి. అందుకే నా ఓటు యాప్‌కే. మార్చి జీతం లెక్క అప్పటికే అయిపోయిందంటే మాత్రం పీ800 కోసం ఆగడం తప్పదు.