బిల్లు కంటే ముందు మందుల చీటీ: నాలుగేళ్ల ఉమ్మడి ఫోల్డరు

విడాకుల ఒప్పంద పత్రంలో ఒక్క వాక్యం రాయించుకున్నాం: పాప వైద్య ఖర్చులో తండ్రి 60 శాతం, తల్లి 40 శాతం భరించాలి. లాయరుకు అది చాలింది. మాకు మాత్రం మొదటి జ్వరానికే చాలలేదు. ఆసుపత్రికి వెళ్లిన ఆటో చార్జీ వైద్య ఖర్చా? చీటీ లేకుండా కొన్న దగ్గు మందు సంగతేమిటి? రసీదు ఎవరి దగ్గర ఉండాలి, డబ్బు ఎన్ని రోజుల్లో పంపాలి? ఇవేవీ అందులో లేవు.

పాప హైదరాబాదులో వాళ్లమ్మ దగ్గర ఉంటుంది. నేను విజయవాడలో. నెలకు రెండు వారాంతాలు, సెలవుల్లో సగం రోజులు నా దగ్గర. మొదటి ఏడాది బిల్లులన్నీ ఫోను సందేశాల్లోనే వచ్చేవి. పాత బిల్లు ఒకటి వెతకాలంటే దాని చుట్టూ ఉన్న తగవులన్నీ మళ్లీ చదవాల్సి వచ్చేది. ఆ బాధ పడలేకే గూగుల్ డ్రైవ్‌లో ఇద్దరికీ ఉమ్మడిగా ఒక ఫోల్డరు తెరిచి, అందులో ఖర్చుల షీటు పెట్టుకున్నాం. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో నాలుగేళ్ల కాగితాలు ఒక మూలకు కూడా రాలేదు. ప్రతి ఫొటో పేరు సంవత్సరంతో మొదలవుతుంది: 2023-07-14, పిల్లల డాక్టరు, జ్వరం. అలా పేరు పెడితే అన్నీ వాటంతటవే వరుసలో కూర్చుంటాయి. ఈ ఉపాయం వాళ్లమ్మది, నాది కాదు.

డబ్బు లెక్క కోసం మొదలుపెట్టిన ఈ ఏర్పాటు నాకు అసలు అక్కరకు వచ్చింది మందుల చీటీల విషయంలో. పాపకు ఆరేళ్లప్పుడు ఒక శనివారం రాత్రి జ్వరం వచ్చింది. ‘అమ్మ ఒక మూత పోస్తుంది’ అంది. ఆ మూత 5 మి.లీ. నేనూ మా ఇంట్లో ఉన్న పారాసిటమాల్ సిరప్ ఒక మూత పోశాను. తెల్లవారేదాకా జ్వరం దిగలేదు. పొద్దున ఫోల్డరులో చీటీ చూస్తే 5 మి.లీ.కు 250 మి.గ్రా. ఉండే సిరప్ అని రాసి ఉంది. నా దగ్గర ఉన్నది 120 మి.గ్రా.ది. మూత అదే, రంగు అదే, మందు సగం కూడా లేదు. పొరపాటు అటువైపు జరిగింది కాబట్టి సరిపోయింది. రెండిళ్లలో సీసాలు తారుమారై ఉంటే రెట్టింపు పడేది. అప్పటినుంచి రెండిళ్లలోనూ ఒకే సిరప్ ఉంటుంది. పాప బరువు మారినప్పుడల్లా కొత్త చీటీ ఫోల్డరులో పైనే ఉంటుంది. బిల్లు ఆలస్యమైతే ఎవరికీ ఏమీ కాదు, చీటీ మాత్రం అదే రోజు పెట్టాలన్నది ఇప్పుడు మా నియమం.

ఇన్సూరెన్సు దగ్గర ఈ పద్ధతి కొంత తడబడింది. పాలసీ మా కంపెనీది, పాప పేరు అందులో ఉంది. కానీ ఆసుపత్రిలో చేర్చింది వాళ్లమ్మ. నగదు రహిత చికిత్సకు నా గుర్తింపు కార్డు, నా ఫోనుకు వచ్చే ఓటీపీ అడిగారు. నేనేమో రైల్లో ఉన్నాను, సిగ్నలు లేదు. మొత్తం 38,400 రూపాయలు ఆమే కట్టింది. తరువాత క్లెయిము పెడదామంటే అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, మందుల రసీదులు కాగితాలుగానే కావాలన్నారు. ఫోల్డరులోని ఫొటోలు అక్కడ పనికిరాలేదు, అన్నీ కొరియరులో తెప్పించాను. ఆరు వారాలకు 31,900 నా ఖాతాలో పడింది. మిగిలిన 6,500లో నా వాటా 3,900. అంటే ఆమెకు నేను ఇవ్వాల్సింది 35,800. లెక్క తప్పలేదు, కానీ ఆ ఆరు వారాలూ భారమంతా ఆమె ఒక్కతే మోసింది. షీటులో ఆ వరుస పక్కన ‘క్లెయిము పెండింగు’ అని రాసి నేను నిశ్చింతగా ఉన్నాను! ఇప్పుడు క్లెయిముతో సంబంధం లేకుండా బిల్లు చూసిన వారంలోనే నా 60 శాతం పంపేస్తున్నాను. ఇన్సూరెన్సు డబ్బు వచ్చాక సర్దుబాటు చేసుకుంటాం.

మందుల షాపు రసీదుకు ఫొటో తప్పనిసరిగా అదే రోజు తీయండి. ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు ఒక్క వేసవికే వెలిసిపోతాయి. పర్సులో దాచిన రెండు రసీదులు తెల్ల కాగితాలై బయటికి వచ్చాయి.

షీటులో మొదట ‘వ్యాఖ్య’ అని ఒక గడి పెట్టాం. పళ్ల క్లిప్పుల ఖర్చు పక్కన నేను అందులో ‘ఇప్పుడే అవసరమా?’ అని రాశాను. ఆ తరువాత మూడు వారాలు ఫోల్డరులోకి ఒక్క కాగితమూ రాలేదు. ఆ గడి తీసేశాం. ఏదైనా అడగాలంటే ఖర్చు పెట్టకముందే ఫోను చేసి అడుగుతాను. ఫోల్డరు చూసే అనుమతి మా అమ్మకు కూడా ఇవ్వడం నేను చేసిన ఇంకో తప్పు. పాప ఉబ్బసం సంగతి వారం తిరక్కుండా మా చుట్టాలందరికీ తెలిసింది. వాళ్లమ్మ ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. ఇప్పుడు అనుమతి ఇద్దరికే.

ఒకరు పెట్టిన కాగితాన్ని మరొకరు తుడిచేయగలరన్న భయం నాకు మొదట్లో ఉండేది. షీటులో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో పాత ప్రతుల్లో కనిపిస్తుంది కాబట్టి లెక్కకు భయం లేదు. అయినా మూడు నెలలకోసారి ఫోల్డరు మొత్తం నా కంప్యూటర్‌లోకి దించుకుంటాను. అసలు మాటలే లేని తల్లిదండ్రులకు ఈ పద్ధతి నప్పుతుందని నేను చెప్పలేను. మాకు కనీసం ‘చీటీ పెట్టాను, చూడు’ అనుకునేంత మాట ఉంది.

పోయిన నెల పాపకు కళ్లజోడు వచ్చింది. అద్దాల ఖరీదు షీటులో ఎక్కింది. పాప పట్టుబట్టి ఎంచుకున్న ఊదారంగు ఫ్రేము వైద్యమా, ముచ్చటా అన్నది ఇంకా తేలలేదు.