పన్ను పీకించుకోవడానికి మత్తు: గ్యాసా, గోలీనా, నరం సూదా?

నల్గొండలోనైనా పాలమూరులోనైనా పంటి డాక్టరు కుర్చీ ఎక్కకముందే వచ్చే ప్రశ్న ఇదే: "సార్, మొత్తం మత్తిచ్చి తీసెయ్యరాదా?" ఏ మత్తు మేలన్నది చాలామంది భయం ఎంతుందో దాన్నిబట్టి తేల్చుకుంటారు. నన్నడిగితే ముందు చూడాల్సింది వేరే: పని అయ్యాక ఇంటికెట్ల పోతారు, ఆ రాత్రి పక్కన ఎవరుంటారు.

గ్యాస్, గోలీ, నరం సూది (చేతి రక్తనాళంలోకి ఎక్కించే మత్తు) మూడూ ప్రధానంగా భయాన్నే దించుతాయి. నొప్పి ఆపే పని చిగురుకు వేసే తిమ్మిరి మందు లిగ్నోకెయిన్‌దే, ఏ మత్తు తీసుకున్నా ఆ సూది తప్పదు. "పోయినసారి సూది పట్టలేదు, ఈసారి ఫుల్ మత్తు కావాలి" అనేవాళ్ల చిక్కు చాలాసార్లు చీముతో వస్తుంది. చీమున్నచోట ఆమ్లం పెరిగి మందు పంటి నరంలోకి సరిగ్గా ఎక్కదు. చీము తీసి వాపు తగ్గాక వేసినా, వాపుకు దూరంగా ఆ పంటి నరం మొదట్లో వేసినా అదే మందు బాగా పడుతుంది. ఒక్క పన్ను పీకడానికి చాలామందికి అంతకుమించి ఏ మత్తూ అక్కర్లేదు.

భయం ఆగనివాళ్లకు నా ఓటు లాఫింగ్ గ్యాస్‌కే. ముక్కు మీద చిన్న మాస్కు పెట్టి మొదట ఒట్టి ఆక్సిజన్ ఇస్తారు, ఆ తర్వాత నైట్రస్ ఆక్సైడ్ (లాఫింగ్ గ్యాస్ అంటే ఇదే) మెల్లమెల్లగా పెంచుతూ మామూలుగా 30 నుంచి 50 శాతం మధ్య ఆపుతారు. వేళ్లు తిమ్మిరెక్కి ఒళ్లు తేలికవుతుంది. నిద్ర పట్టదు, నోరు తెరవమంటే తెరుస్తారు. కడుపులో తిప్పితే గ్యాస్ ఎక్కువైందని అర్థం, చెయ్యెత్తితే తగ్గిస్తారు. చివర ఐదు నిమిషాలు ఒట్టి ఆక్సిజన్ పీలిస్తే మత్తు ఊపిరితోనే పోతుంది. పావుగంట కూర్చుని, నడక సరిగ్గా ఉందని డాక్టరు చూశాక, పెద్దవాళ్లు ఒంటరిగా బస్సెక్కినా మామూలుగా ఇబ్బందుండదు. జలుబుతో ముక్కు మూసుకుపోతే పనిచేయదు. గర్భం మొదటి మూడు నెలల్లో, బీ12 లోపం ఉన్నప్పుడు, కంట్లో గ్యాస్ బుడగ పెట్టిన రెటీనా ఆపరేషన్ ఈమధ్యే అయినప్పుడు వద్దు. మెషీన్ అన్ని క్లినిక్కుల్లో ఉండదు కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

గోలీ చవక, అందుకే దాన్నే అడుగుతారు. అల్ప్రాజోలమో డయాజిపామో పనికి గంట ముందు వేస్తారు. నాకు తక్కువ నచ్చేది ఇదే. మింగాక గ్యాస్‌లా అప్పటికప్పుడు తగ్గించే వీలు లేదు. ఎక్కలేదని ఇంకోటి వేస్తే మొదటిది కూడా అప్పుడే ఎక్కడం మొదలుపెడుతుంది. ఒకరికి అరగంటలో పట్టేది ఇంకొకరికి గంటన్నరకు, ఇంటి దారిలో పడుతుంది. డయాజిపాం మర్నాటికీ ఒంట్లో మిగిలే ఉంటుంది. బైకు వెనక కూర్చుని దేవరకొండ దాకా పోతే, మధ్యలో కునుకు పడి చేతి పట్టు వదిలేస్తారు. పంటి వాపుకు క్లారిత్రోమైసిన్, నోట్లో ఫంగస్‌తో వచ్చే తెల్లపూతకు ఫ్లూకోనజోల్ వాడుతున్నవాళ్లలో అల్ప్రాజోలం మత్తు ఇంకా ఎక్కువవుతుంది.

మన దగ్గర దీనికి ఇంకో మెలిక, కల్లు. చెట్టు నుంచి దింపిన కల్లు సంగతి వేరు. కల్తీ కల్లులో కలిపేవి ఈ అల్ప్రాజోలం, డయాజిపామే, లేదంటే క్లోరల్ హైడ్రేట్. రోజూ తాగి అలవాటైన మనిషికి డాక్టరిచ్చిన గోలీ ఆనదు. ఎప్పుడో ఒకసారి తాగేవాళ్లు పొద్దున ఒక సీసా వేసుకొచ్చి గోలీ మింగితే రెండూ కలిసి ఊపిరి మందగిస్తుంది. నొప్పి పోతుందని ఆ సాయంత్రం తాగినా అంతే ప్రమాదం. పోనీ రెండు రోజుల ముందు ఒక్కసారిగా బంద్ చేద్దామంటే, రోజూ తాగేవాళ్లకు చేతులు వణికి ఫిట్స్ కూడా రావచ్చు. కాబట్టి దాచొద్దు: రోజూనా, ఎన్ని సీసాలు, ఆఖరుసారి ఎప్పుడు, అన్నీ చెప్పాలి. అవ్వలనూ అడగాల్సిందే. కొడుకు కోడలు ముందు అడిగితే లేదనే అంటారు, పక్కకు పిలిచి అడగాలి.

నరం సూది పెద్ద పనులకు. అడ్డంగా ఇరుక్కున్న జ్ఞానదంతాలు రెండు మూడు ఒకేసారి తీయాలన్నా, నోట్లో అద్దం పెట్టగానే డోకొచ్చేవాళ్లకైనా దీనికి మించింది లేదు. మిడజోలం ఒక్కో మిల్లీగ్రాము ఇచ్చి, రెండు నిమిషాలు ఆగి చూసి పెంచుతారు, మాట ముద్దగా రాగానే ఆపుతారు. పిలిస్తే పలుకుతారు, తర్వాత చాలావరకు గుర్తుండదు. విరుగుడు ఫ్లుమాజెనిల్ ఉంది గానీ అది మిడజోలం కంటే ముందే దిగిపోయి మళ్లీ మగత కమ్మొచ్చు. పన్ను తీసే డాక్టరు కాకుండా, ఆక్సీమీటర్‌నూ ఛాతీ కదలికనూ చూస్తుండే ఇంకో మనిషి గదిలో ఉండాలి. లేకపోతే ఒప్పుకోవద్దు.

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో మెడ బిగుసుకుపోయిన పెద్దవాళ్లకు ఇది అంత తేలిక కాదు. మత్తెక్కువై నాలుక వెనక్కి జారితే గడ్డం ఎత్తి తల వెనక్కి వంచాలి, వంగని మెడతో అదెట్ల? గుట్కాతో నోరు రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగిసినవాళ్లకూ అంతే. వీళ్లు మత్తు డాక్టరున్న ఆసుపత్రికి పోవాలి, లేదంటే లిగ్నోకెయిన్‌తో, గ్యాస్‌తో కానిచ్చుకోవాలి. పూర్తిగా నిద్రపుచ్చే మత్తు పళ్లన్నీ పుచ్చిన చిన్నపిల్లలకు, కుర్చీలో కుదురుగా ఉండలేనివాళ్లకు, అదీ ఆసుపత్రిలోనే.

నరం సూదికి మామూలుగా 6 గంటల ముందు తిండి, 2 గంటల ముందు నీళ్లు ఆపమంటారు. పాల ఛాయ్ తిండి లెక్కే. షుగర్ గోలీ వేసుకుని పస్తుంటే షుగర్ పడిపోతుంది, ఏది మానాలో ముందురోజే అడగండి. గోలీకైనా నరం సూదికైనా 24 గంటలు బండి, ట్రాక్టరు వద్దు, రాత్రి కరెంటొచ్చిందని బోరు స్టార్టర్ దగ్గరికీ పోవద్దు, రిజిస్ట్రేషన్ సంతకాలూ వద్దు. డాక్టరు చెప్పే జాగ్రత్తలు పేషెంటుకు గుర్తుండవు. దూది ఎంతసేపు కరిచి పట్టాలో, ఏ మందు ఎప్పుడేయాలో తోడొచ్చిన మనిషికే చెప్పించి, మందుల చీటీ వాళ్ల చేతికే ఇప్పించండి.