కల్యాణి డ్యామ్ నీళ్లు: నిండాకే వదలాలా, కొంచెం కొంచెంగా వదలాలా?

తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఇసుకలో మా నాయన చేత్తోనే చెలమ తీసేవాడు. మోచేతి లోతు తవ్వితే చాలు. మొదట ఊరిన బురద నీళ్లు తోడి పారబోస్తే, కాసేపటికి అడుగు కనిపించేంత తేట నీళ్లు వచ్చేవి. ఇప్పుడక్కడ గట్టి మట్టి తేలింది, దానిమీద కంపచెట్లు. ఇసుక తవ్వుకుపోయారు, నిజమే. కానీ పోయిన ఇసుక మళ్లీ రావాలంటే వరద తేవాలి. పైన ఆనకట్ట కడితే వరద తెచ్చే ఇసుక, ఒండ్రు దాని వెనకే దిగిపోతాయి.

స్వర్ణముఖికి ఉపనది అయిన కల్యాణి మీద 1977లో కట్టిన డ్యామ్ తిరుపతికీ తిరుమలకీ తాగునీళ్లిస్తోంది. అది ఉండాల్సిందే. తేల్చుకోవాల్సింది నీళ్లు వదిలే పద్ధతి.

నిండేదాకా పట్టి ఉంచితే ఊరికి ధైర్యం. వానలు నమ్మలేని మన జిల్లాలో ఆ భయం నాకూ తెలుసు. కానీ కింద ఏళ్ల తరబడి ఎండు ఏరే మిగులుతుంది. గాలి పీల్చగల కొర్రమీను, మార్పు చేప లాంటివి గుంటల్లో కొన్నాళ్లు నెట్టుకొస్తాయి, మిగతా చేపలు చచ్చిపోతాయి. బొచ్చె, రాగండి లాంటివి పారే కొత్త నీరు తగిలితేనే ఎదురెక్కి గుడ్లు పెడతాయి, ఆ నీరే రాదు. ఏరు పారదు కదా అని జనం గట్టుదాకా ఇళ్లు కట్టుకుంటారు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు ఏం జరిగిందో తిరుపతి వాళ్లకు చెప్పక్కర్లేదు.

వానాకాలం మొదటి నుంచీ వచ్చే నీటిలో కొంత వదులుతూ ఉంటే వేసవికి నిల్వ తగ్గుతుంది, అది నిజమైన నష్టం. అయినా వదిలిన నీరు వృథా కాదు. ఇసుకలోకి దిగి బావుల్లో, బోర్లలో తేలుతుంది. చేపలకు దారి దొరుకుతుంది. కాకపోతే ఏ తూము నుంచి వదులుతున్నామో చూసుకోవాలి. లోతైన జలాశయంలో ఎండాకాలం పైనీరు వేడెక్కి, అడుగునీరు చల్లగా కదలకుండా ఉండిపోతుంది. అందులో ప్రాణవాయువు అయిపోతుంది, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఆ నీటినే కిందికి తోస్తే చేపలు ఊపిరాడక చస్తాయి. పైనీరు వదలాలి, లేదా రాళ్లమీద పడి గాలి తగిలేలా పారనివ్వాలి.

చిన్న చిన్న చెక్‌డ్యాములు మేలు కదా అంటారు. వాగుకు ఒకటీ రెండూ అయితే మేలే. వరుసగా కట్టుకుంటూ పోతే కిందివాళ్లకు అదీ పెద్ద డ్యామే. పాలారు మీద మనకూ తమిళనాడుకూ ఉన్న పేచీ అదే.

నా మొగ్గు రెండో పద్ధతికే. కరువు ఏడాది మాత్రం ఉన్నదంతా తాగడానికే. మామూలు ఏడాది మొదటి గట్టి వానకు వచ్చిన కొత్త నీటిని రెండు మూడు రోజులు కిందికి పోనివ్వాలి, అదీ ముందుగా ఊళ్లల్లో దండోరా వేయించి.