గ్రూప్-2 చదువు: రోజుకు రెండు గంటలా, ఉద్యోగం మానేసి ఆరు నెలలా?

తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలకు జరిగే గ్రూప్-2 పరీక్షలో 150 మార్కుల పేపర్లు నాలుగు, మొత్తం 600 మార్కులు. ఇంత సిలబస్‌ను ఉద్యోగం చేసుకుంటూ రోజూ కొంచెం కొంచెంగా చదవాలా, లేక రాజీనామా ఇచ్చి, కోచింగ్ సెంటర్లుండే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకొని పూర్తిగా కూర్చోవాలా అన్న సందిగ్ధం చాలామందిది.

ఖర్చు: మొదటిదానికి పుస్తకాల ఖర్చే, రెండోదానికి అద్దె, మెస్సు, కోచింగ్ ఫీజు, వాటికి తోడు ఆగిపోయిన జీతం.

శ్రమ: తెల్లవారుజామున ఐదింటికి లేచి, టీ గ్లాసు పక్కన పెట్టుకొని, రాజ్యాంగంలో 12 నుంచి 35 వరకు ఉన్న ప్రాథమిక హక్కుల అధికరణాలను నాలుగు రోజులకు పంచుకొని చదివితే, ఐదో రోజు పుస్తకం మూసి వాటిని రాసి చూసుకోవచ్చు, తప్పులు తగ్గుతున్నకొద్దీ కలిగే నమ్మకం ఏ ప్రేరణోపన్యాసమూ ఇవ్వలేనిది. గదిలో పది గంటలు కూర్చున్నవారికి సమయం దండిగా ఉంటుంది, కానీ పక్కవాడి వేగం చూసి బెంగపడటమూ ఉంటుంది.

నష్టభయం: అసలు తేడా ఇక్కడే. 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వెలువడిన గ్రూప్-2 పరీక్ష పలుమార్లు వాయిదా పడి, చివరికి 2024 డిసెంబరులో జరిగింది. ఆరు నెలలకని దాచుకున్న డబ్బు రెండేళ్లు నిలవదు. అలవాటుకు మాత్రం వాయిదాతో పనిలేదు.

ఇంటి బాధ్యతలు ఉండి, పరీక్ష తేదీ ఖరారు కానివారికి రోజువారీ చదువే తగినది. తేదీ ఖాయమై, ఒక విడత సిలబస్ పూర్తయి, కొన్ని నెలల ఖర్చు చేతిలో ఉన్నవారు చివరి మూడు నెలలు సెలవు పెట్టవచ్చు. రాజీనామా మాత్రం నేను సూచించను.