హైవ్: చీమల ఆటలో సాలీడు

పురుగుల బొమ్మలున్న బిళ్లల్ని ఒకదానికొకటి ఆనించి గుంపుగా పేరుస్తూ ఇద్దరు ఆడే ఆట హైవ్. ఆడేవాళ్లని అడిగితే అందరూ చీమ బిళ్లనే పొగుడుతారు. ఆ గుంపు అంచు వెంట ఎంత దూరమైనా పాకుతుంది కదా మరి. చాలాకాలం ఆడాక నాకు మాత్రం మజా అంతా సాలీడు దగ్గర ఉందనిపిస్తోంది. అది సరిగ్గా మూడు అడుగులే వేయాలి. ఒకటి ఎక్కువైనా తక్కువైనా కుదరదు, వచ్చిన దారిన వెనక్కి తిరగడానికీ లేదు. అందుకే చాలామంది తమ రెండు సాలీళ్లనూ మొదట్లోనే ఏదో మూల పెట్టేసి మర్చిపోతారు.

జాన్ యియాని 2001లో తెచ్చిన ఈ ఆటకి బోర్డు లేదు, ఆరు పలకల బిళ్లలే బోర్డు. ఎదుటివాళ్ల రాణి తేనెటీగను ఆరువైపులా మూసేస్తే గెలుపు. అసలు మెలిక ఏంటంటే, బిళ్లల గుంపు ఏ ఎత్తులోనూ రెండు ముక్కలు కాకూడదు.

ఆ నియమంతో ఏం చేయొచ్చో మా మావయ్య చూపించారు. ఆయన చదరంగం ఎరగరు, అరుగు మీద పులి-మేక ఆడి పెరిగిన మనిషి. ఆట నేర్పిన కొద్దిసేపటికే, అంచున ఉన్న నా చీమ వెనక్కి తన సాలీడును నడిపించి అంటించారు. ఆ సాలీడు నా చీమను తప్ప ఇంక దేన్నీ తాకడం లేదు. "నీ చీమని తీస్తే నా సాలీడు ఊడిపోద్ది అల్లుడూ, తియ్యలేవు" అన్నారు. రెండో చీమకీ అదే గతి. విడిపించుకోవాలంటే ఆ సాలీడును ఇంకో బిళ్లతో గుంపుకి కలపాలి, దానికి ఒక ఎత్తు ఖర్చు. ఆ ఎత్తులో ఆయన ఇంకో చీమను నా రాణి పక్కకి తెచ్చేవారు. తర్వాత, వేరే బిళ్లల మీదికి ఎక్కగలిగే ఆయన పెంకుపురుగు నా రాణి నెత్తినెక్కి కూర్చుంది. ఇక రాణి కదల్లేదు. పైనున్నది ఆయన బిళ్ల కాబట్టి కొత్త బిళ్లల్ని చేతిలోంచి నేరుగా దాని పక్కనే దింపడం మొదలుపెట్టారు. పులి-మేకలోనూ మేకలు పులిని చంపవు, కదలకుండా కట్టేస్తాయి. ఆయనకి బిళ్లలే కొత్త.

బోర్డు లేదు కాబట్టి ఎక్కడైనా ఆడొచ్చని అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పటికీ చెబుతాను, రైల్లో బెర్తు మీద తప్ప. గుంపు ఎటు పెరుగుతుందో తెలియదు, అంచుకి చేరితే మొత్తాన్ని జాగ్రత్తగా వెనక్కి జరపాలి. అయిదు నిమిషాల్లో నేర్చుకోవచ్చన్న మాటా నిజమే కానీ, ఇరుకు సందులోకి బిళ్ల దూరకూడదన్న చోట ప్రతి కొత్త మనిషితోనూ వాదన తప్పదు. ఎత్తకుండా టేబుల్ మీద తోసి చూపిస్తేనే ఒప్పుకుంటారు. ఇక దోమ బిళ్ల ఉంది, అది తన పక్కనున్న పురుగు నడకని అరువు తెచ్చుకుంటుంది. సరదాగానే ఉంటుంది కానీ చీమ పక్కన చేరితే అదీ ఇంకో చీమే. నేను తక్కువగా వాడతాను.

అదృష్టానికి చోటు లేని ఆట ఇది. ఇద్దరిలో ఒకరికి బాగా చేయి తిరిగితే రెండోవాళ్లకి విసుగొస్తుంది, మా ఆవిడ మానేసింది అందుకే. పండగలకి మావయ్య వస్తారు కాబట్టి నాకు పెట్టిన డబ్బు గిట్టింది. మీ ఇంట్లో సరిజోడు లేకపోతే కొనే ముందు కొన్నాళ్లు ఫోన్‌లో ఆడి చూడండి.