నాలుగేళ్ల హైడ్రోజన్ సెల్: ప్లేట్ల కంటే నీళ్లే ఎక్కువ ఏడిపించాయి

అనంతపురంలో మాది బ్యాటరీలు, ఇన్వర్టర్లు బాగుచేసే షాపు. నాలుగేళ్ల కిందట మా అన్న కూతురు సైన్స్ ఫెయిర్‌కి కావాలంటే నీళ్లలోంచి హైడ్రోజన్ తీసే సెల్ ఒకటి చేశాను. ఏడు స్టీలు ప్లేట్లు, మధ్యలో రబ్బరు రింగులు, మొత్తం ఆరు గదులు. 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే గదికి 2 వోల్టులు. ఫెయిర్ అయిపోయినా సెల్ షాపులోనే ఉండిపోయింది. ఏటా ఏదో ఒక బడి పిల్లలు వచ్చి సబ్బు బుడగలు పేల్చి చూపించమంటారు.

5 ఆంపియర్ల దగ్గర లీటరు సీసా నిండడానికి మూడు నిమిషాలు పట్టింది. లెక్క ప్రకారం నిమిషానికి 340 మిల్లీలీటర్లు రావాలి, సరిపోయింది. ఇందులో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసే వస్తాయి కాబట్టి ఆ సీసాను నిప్పు దగ్గరికి పోనీయకుండా మిద్దె మీదికి తీసుకెళ్లి వదిలేశాను. నిలవ చేసే పనే పెట్టుకోవద్దు. సెల్‌కీ గొట్టం చివరకీ మధ్య నీళ్ల సీసా ఉండి తీరాలి. ఒకసారి మంట గొట్టంలోకి వెనక్కి తన్ని ఆ సీసా మూత ఎగిరిపోయింది, సెల్ మిగిలింది.

ఇక నీళ్ల సంగతి. షాపుకొచ్చిన ప్రతి మనిషికీ "బోరు నీళ్లు పోయొద్దన్నా, డిస్టిల్డ్ వాటరే పోయి" అని చెప్పే నేనే, క్యాను అయిపోయిందని ఒక ఎండాకాలం బోరు నీళ్లు పోశాను. పోసిన వెంటనే లోపల ద్రావణం మజ్జిగ తేటలా తెల్లబడింది. అప్పుడే ఆగాల్సింది. రెండు నెలల్లో కరెంటు 5 నుంచి 3 ఆంపియర్లకు పడింది. విప్పి చూస్తే ప్లేట్ల మధ్య నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టినట్టు సున్నం. గోరుతో గీకితే పెచ్చులుగా రాలింది. గంటకు ఖర్చయ్యేది 10 గ్రాముల నీళ్లే. కానీ వెళ్లిపోయేవి నీళ్లు మాత్రమే, వాటితో వచ్చిన కాల్షియం, మెగ్నీషియం అక్కడే కూర్చుంటాయి. బ్యాటరీలోనూ ఇదే జరుగుతుంది, నాకు తెలియనిదేం కాదు. ఆర్వో నీళ్లలోనూ ఎంతో కొంత లవణం ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ క్యాను ధరకు కక్కుర్తి పడొద్దు.

వట్టి డిస్టిల్డ్ వాటర్‌లో కరెంటు సరిగా పారదు, ఏదో ఒకటి కలపాలి. మొదట ఇంట్లో ఉన్న ఉప్పు వేశాను. బ్లీచింగ్ పౌడరు వాసన గుప్పుమంది. అది క్లోరిన్, కిటికీలు తెరిచి బయటికి పరుగెత్తాను. వంట సోడాతో కరెంటు సరిగా పారదు. కాస్టిక్ సోడా బాగా పనిచేస్తుంది, చవక. కాస్టిక్ పొటాష్ ఖరీదెక్కువ కానీ కరెంటు ఇంకా బాగా పారుతుంది, నేను దానికే మారాను. లీటరుకు 50 గ్రాములతో మొదలుపెట్టి అమ్మీటరు చూస్తూ పెంచుకుంటాను. పలుకులను నీళ్లలో వేయాలి, పలుకుల మీద నీళ్లు పోయకూడదు, చిమ్ముతుంది. కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా మా పిల్లను దగ్గరికి రానివ్వను. డబ్బా మూత వదులుగా ఉంటే గాలిలో తేమ పీల్చి బెల్లం పాకంలా అయిపోతుంది. మే నెలలో సెల్ వేడెక్కితే కరెంటు దానంతటదే 8 దాకా పోతుంది, అప్పుడు ఆపేస్తాను.

ప్లేట్ల విషయంలో 304 రకం స్టీలు వద్దు, 316ఎల్ రకం కొనమని అందరూ చెప్తారు. రెండూ వాడాను. కాస్టిక్‌లో 304కీ దానికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు, 316లో అదనంగా ఉండే మాలిబ్డినం అనే లోహం ముఖ్యంగా ఉప్పులో ఉండే క్లోరైడ్ నుంచి కాపాడటానికి. నికెల్ మంచిది. లిథియం ప్యాకులకు వాడే నికెల్ పట్టీలు మా షాపులోనే ఉంటాయి, కానీ వాటిలో చాలా మటుకు ఇనుము మీద పూతే. అయస్కాంతం రెంటికీ అంటుకుంటుంది కాబట్టి దానితో తేలదు. గీత పెట్టి ఉప్పు నీళ్లలో రాత్రంతా ఉంచండి. తుప్పు పడితే పూత.

బండికి బిగిస్తే మైలేజీ వస్తుందా అని వారానికొకరు అడుగుతారు. ఆ గ్యాస్ తయారవడానికి కావలసిన కరెంటు కూడా మీ పెట్రోలే ఇవ్వాలి కదా మామా అంటాను. కొందరు నమ్మరు.

మొదటి ఏడాది ద్రావణం పసుపు రంగుకు తిరిగింది. అది స్టీలులోంచి వచ్చిన క్రోమియం, విషం. ఇంకా అమ్మీటరు పెట్టుకోని రోజుల్లో కరెంటు ఎక్కువిచ్చి నడిపిన ఫలితం. కాలువలో పారబోయలేను, పారేయడానికి చోటూ దొరకలేదు. మూడేళ్లుగా రెండు లీటర్ల క్యానులో, మీద ఎర్ర పెయింటుతో విషం అని రాసి, టేబులు కింద ఉంది.